ఎడమది కాస్త దిగింది

మా మార్కెట్లో కొత్తిమీర అమ్మేవాడు కమలని "దీదీ" అన్నాడు, అంటే అక్క. అదే నోటితో నావైపు తిరిగి, "ఆంటీజీ, జరా సైడ్" అని పక్కకి జరగమన్నాడు. మయూర్ విహార్‌లో పందొమ్మిదేళ్ళుగా వాడి దగ్గర కొంటున్నది నేను. కమల ఆ రోజు ఘాజియాబాద్ నుంచి చూసిపోదామని వచ్చింది, అంతే. మా ఇద్దరికీ వయసులో మూడు నెలల తేడా. ఆ మూడు నెలలకి నన్నొక తరం వెనక్కి నెట్టేశాడు.

కమలాకుమారి నా తోటికోడలు. మా ఆయన కేశవరావుగారి తమ్ముడు రఘువీర్ భార్య. రఘువీర్ ఎయిర్‌ఫోర్సులో చేసి రిటైరయ్యాడు. పెళ్ళైన కొత్తలో మా అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు, పెద్దకోడలి కళ్ళు చూడండి ఎంతుంటాయో, చిన్నదానివి నిద్రకళ్ళు అని. ఆ ఒక్క మాట మీద నేను ముప్ఫై ఏళ్ళు బతికాను, దాచడమెందుకు. కమల కంటిరెప్పలు మొదటినుంచీ వాలి ఉండేవి. యాభై దాటాక ఇంకా జారాయి. నావీ జారాయి. కాకపోతే ఆ సంగతి నాకు తెలిసింది కొత్తిమీరవాడి దగ్గరే.

ఎందుకంటే అప్పటికి కమల రెప్పలకి ఆపరేషన్ చేయించుకుని రెండు నెలలైంది. పై రెప్పల్లో వదులైన చర్మం కత్తిరించి, మడతలో కనబడకుండా కుట్లు వేశారట. ఊళ్ళోవాళ్ళకి చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది. చెప్పలేదు. అది అందంగా తయారైందని ఊరంతా చాటడానికి నాకేం పని? మా ఆయన, నేను కొత్తచీర కట్టుకుని ఎదురుగా నిలబడినా పేపర్లోంచి తలెత్తని మనిషి, "కమల ఈమధ్య ఫ్రెష్‌గా కనిపిస్తోంది కదూ" అన్నారు. ఒళ్ళు మండిపోయింది. ఆ పూట పులుసులో ఉప్పు వెయ్యలేదు, కావాలనే.

అద్దం ముందు నిలబడి రెండు వేళ్ళతో రెప్పలు పైకెత్తి చూసుకునేదాన్ని. పట్టుకున్నంతసేపు బాగుండేది. వదిలితే దిగిపోయేది. పోనీ నేనూ చేయించుకుందామంటే సూది చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. అది చేయించుకుందని ఒక ఏడుపు, నేను చేయించుకోలేనని ఇంకో ఏడుపు.

ఆ తర్వాతి ఆదివారం నలుగురం అశోకా రోడ్డులో మన తెలుగు భోజనం పెట్టే క్యాంటీనుకి వెళ్ళాం. మగవాళ్ళు చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు కమల కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

"అక్కా, రెండూ సమానంగా ఉన్నాయా? ఎడమది దిగిందేమోనని అనుమానంగా ఉంది. ఆయన్నడిగితే అంతా బాగుందంటారు. నువ్వయితే ఉన్నదున్నట్టు చెప్తావు."

మొహం నా ముందు పెట్టింది. చూశాను. దారం పట్టి కొలిచినట్టు సమానంగా ఉన్నాయి. ఆ కళ్ళతో నన్ను నమ్మకంగా చూస్తోంది. కందిపొడి అన్నంలో నెయ్యి కలుపుకుంటూ, "ఎడమది కాస్త దిగింది" అన్నాను.

కమల మొహం వాడిపోయింది. ఆ పూట నాకు అన్నం ఎంత రుచించిందో చెబితే మీరు నా మొహం చూడరు. రెండుసార్లు మారు వేయించుకున్నాను.

పది రోజులు అద్దంలో చూసుకుని దిగులు పడుతుందనుకున్నాను. అంతకంటే ఏం జరుగుతుంది? మొదటి డాక్టరు పరీక్ష చేసి, అంతా సరిగ్గా ఉంది, ముట్టుకోవద్దన్నాడట. కమల వింటేగా. మా అక్క చూసి చెప్పిందని ఇంకో క్లినిక్ వెతుక్కుని వెళ్ళింది. వాళ్ళు ఎడమరెప్ప మళ్ళీ కోశారు. ఎక్కువ కోశారు. కట్టు విప్పాక చూస్తే ఆ కన్ను మూతపడదు. నిద్రలో కూడా తెల్లగుడ్డు కనిపిస్తూనే ఉంటుందని రఘువీర్ ఫోన్లో చెప్పాడు. గంటగంటకీ చుక్కలు, పడుకునేటప్పుడు మందు రాసి రెప్పమీద టేపు. నాలుగు నెలలు అలాగే గడిచాయి. చివరికి పెద్ద డాక్టరు, కంటిపొర ఎండిపోతోంది, ఇలాగే వదిలేస్తే చూపు పోతుంది, చెవి వెనక చర్మం తీసి రెప్పకి అతికించి చూద్దాం అన్నాడు.

చెప్పేద్దామని ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది. ఫోన్ చేస్తే కమలే ముందు అనేది, నీ తప్పేముంది అక్కా, నువ్వు ఉన్నమాట చెప్పావు, పాడుచేసింది వాళ్ళు అని. ఇక నోరెలా పెగులుతుంది? ఇంత జరిగినా నా బుద్ధి చూడండి. ఒకసారి కమల నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వస్తే, "దీదీ, చష్మా బహుత్ అచ్ఛా హై" అని ఆ అద్దాలని మెచ్చుకున్నాడు ఆ కొత్తిమీరవాడు. నాకు మళ్ళీ కడుపు రగిలింది.

కమల కూతురు సాత్విక ఇక్కడే పుట్టి పెరిగింది. మనం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతుంది. తెలుగు రాని పిల్లని పెంచావని కమలని నేను పొడిచిన పోట్లు ఇన్నీ అన్నీ కావు. ఆ పిల్ల రోషపడి కుటుంబం గ్రూపులో తెలుగులోనే రాయడం మొదలుపెట్టింది.

మూడో ఆపరేషన్ బుధవారం అయింది. కట్టు విప్పేది సోమవారం అన్నారు. శనివారం పదకొండింటికి నేను గోంగూర ఒలుస్తుంటే ఫోన్ ఆగకుండా మోగుతోంది. గ్రూపులో సాత్విక మెసేజ్. "అమ్మ కన్ను మూసింది." పక్కన దండం బొమ్మ. దాని కింద వరసగా ఓం శాంతి, ఓం శాంతి, అయ్యో ఎప్పుడు, ఎలా. తెనాలి నుంచి ఎవరో కమల పాత ఫోటోకి పూలదండ కూడా వేసేశారు.

నాకు ముందు వచ్చిన ఆలోచన ఏమిటో చెప్తాను. ఇక మార్కెట్లో నా పక్కన నిలబడి దీదీ అనిపించుకునేవాళ్ళు లేరు. అదీ వచ్చింది. వచ్చిన మరుక్షణం గోంగూర అక్కడే పడేసి ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టాను. రఘువీర్ ఫోన్ ఎత్తడు, సాత్విక ఎత్తదు. మా ఆయన తల పట్టుకు కూర్చున్నారు.

"నేనే చంపానండీ దాన్ని. ఆ కన్ను దిగలేదు, నేను కడుపుమంటతో అన్నాను."

ఆయనకేం అర్థం కాలేదు. మెట్రోలో యమునా బ్యాంక్ దగ్గర దిగి ఘాజియాబాద్ వైపు వెళ్ళే వైశాలి రైలెక్కాం. దారంతా ఏడుస్తూనే ఉన్నాను. ఎవరో కాలేజీ పిల్ల లేచి, ఆంటీ కూర్చోండి అని చోటిచ్చింది. కూర్చున్నాను.

వాళ్ళ ఫ్లాట్ తలుపు తీసే ఉంది. కమల సోఫాలో కూర్చుని ఉప్మా తింటోంది. రఘువీర్ రెండు చెవులకీ రెండు ఫోన్లు పెట్టుకుని, బతికే ఉంది బాబూ, బతికే ఉంది అని అరుస్తున్నాడు. సాత్విక కళ్ళు తుడుచుకుంటోంది.

"పెద్దమ్మా, కట్టు తడిసిందని ఈరోజే ఖోల్ దియా, విప్పేశారు. డాక్టర్ మూయమంటే మమ్మీకీ ఆంఖ్ పూర్తిగా బంద్ హో గయీ. అదే రాశాను. కన్ను మూసింది. గలత్ హై క్యా? తప్పా?"

తెలుగులో ఆ మాటకి ఇంకో అర్థం ఉందని ఆ పిల్లకి ఎవరు చెప్పారు? ఎద్దేవా చేసినదాన్నే గానీ నేను మాత్రం ఏం నేర్పాను? కమలని పట్టుకుని భోరుమన్నాను. అది నా వీపు నిమురుతూ, నేనంటే నీకింత ప్రాణమని తెలీదక్కా అంది. తర్వాత నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఇప్పుడు చెప్పు. రెండూ సమానమేనా? నువ్వయితే ఉన్నదున్నట్టు చెప్తావు."

లేవు. ఎడమరెప్ప వాచి ఉంది. అతికించిన చర్మం వేరే రంగులో తెలుస్తోంది. ఇప్పుడు నిజంగానే ఎడమది కాస్త దిగింది.

"లేవు కమలా," అన్నాను. "ఆరోజు అశోకా రోడ్డులో మాత్రం సమానంగానే ఉన్నాయి. నేను అబద్ధం చెప్పాను."

రఘువీర్ ఫోన్లు దించాడు.

"ఎందుకక్కా?"

"కొత్తిమీరవాడు నిన్ను దీదీ అన్నాడు."

ఆ మాట బయటికి వచ్చాక ఎంత చిన్నదో నాకే వినిపించింది. కమల నన్ను చూసింది. తర్వాత సోఫాకి తల వాల్చి రెండు కళ్ళూ మూసుకుంది. ఎడమది కాస్త ఆలస్యంగా దిగింది, అయినా పూర్తిగా మూతపడింది.

"టీ తాగి వెళ్ళు అక్కా," అంది.

సాత్విక టీ తెచ్చింది. తాగాను. కప్పు కింద పెట్టి, చెప్పులు వేసుకుని, గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూశాను. అలా కళ్ళు మూసుకున్నా కమల బాగానే ఉంది, ఏం చెయ్యను. ఇంకా తెరవలేదు.