కదలని చెలికత్తె

మల్సూరుకు రాందాస్ అంటే కడుపుమంట. ఈ మాట మొదటే చెప్పేయడం మంచిది, ఎందుకంటే మల్సూరు చచ్చినా ఒప్పుకోడు. "వాడు నా తమ్మునసొంటోడయ్యా" అంటాడు. అంటూనే పళ్ళు నూరుకుంటాడు.

మిర్యాలగూడ నాటకం కంపెనీలో పదకొండేళ్ళు రాణి వేషం మల్సూరుదే. ఆడవాళ్ళు ఇంకా స్టేజీ ఎక్కని కంపెనీ అది. మల్సూరు చీర కట్టి నాలుగడుగులు వేస్తే ముందు వరసలో కూర్చున్న పెద్దమనుషులు కూడా చుట్ట కాల్చడం మరిచిపోయేవారు. ఆ తర్వాత గొంతు ముదిరింది, పొట్ట వచ్చింది, పాలకీడు నుంచి రాందాస్ వచ్చాడు. ఏడాది తిరక్కుండా రాణి చీర రాందాస్ ఒంటి మీదికీ, విసనకర్ర మల్సూరు చేతిలోకీ చేరాయి. అంటే చెలికత్తె వేషమన్నమాట.

రాణి పాడినంతసేపూ చెలికత్తె పక్కన నిలబడాలి. విసనకర్ర పట్టుకోవడమే గాని విసరకూడదు. "నువ్వు కదిలితె జనం సూపు పాట ఇడిసి నీ మీదికి పోతది. బొమ్మ లెక్క నిలవడు" అని ఆట నేర్పి కంపెనీ నడిపే పంతులు గట్టిగా చెప్పాడు. మల్సూరు నేర్చుకున్నాడు. ముక్కు మీద ఈగ వాలినా రెప్ప కొట్టకుండా, రాందాస్ ముఖాన్నే చూస్తూ నిలబడేవాడు. ఆ సేపంతా లోపల ఏం ఉడికేదో ఎవరికి కావాలి? చెలికత్తె ముఖం చూడటానికి ఎవరూ టిక్కెట్టు కొనరు.

రాందాస్ పేరు మాత్రం ఊళ్ళు దాటిపోయింది. సూర్యాపేట ఆడవాళ్ళు పక్కకు దిగేసి కొప్పు పెట్టుకుంటే దానికి 'రాందాసు కొప్పు' అని పేరు. అంత పేరున్న మనిషిని వేషం లేకుండా చూసినవాళ్ళు బయట లేరు. తెరలు కట్టిన బండిలో వచ్చేవాడు, తెరలు కట్టిన బండిలోనే పోయేవాడు. హోటల్లో కూర్చుని చాయ్ తాగి ఎరగడు. సూర్యాపేటలో ఫోటో దుకాణం పెట్టిన వీరేశం ఒకటికి రెండుసార్లు అడిగితే, రెండుసార్లూ చేతులు జోడించాడు.

"వేషంల ఎన్నన్న తియ్యి వీరేశమన్నా. వేషం ఇప్పినంక నన్ను ఇడిసిపెట్టు. నన్ను మొగోని లెక్క సూసినోళ్ళకు మల్ల రాణి ఎట్ల కనపడతది?"

పోలీసు యాక్షన్ అయిపోయిన మరుసటి ఎండాకాలం. కంపెనీ సూర్యాపేటలో మకాం వేసింది. మూడు ఆటలు ఒప్పుకున్నారు, నోటీసులు పంచేశారు. సరిగ్గా అప్పుడే పాలకీడులో రాందాస్ తల్లి పోయింది. పదోనాడు కొడుకు గుండు గీయించుకోవాలి కదా, నడుము దాకా పెరిగిన ఆ జుట్టు కాస్తా పోయింది. పంతులు హైదరాబాదు నుంచి కట్టుడు జుట్టు తెప్పించి, ఈ సంగతి పొక్కకూడదని అందరి దగ్గరా మాట తీసుకున్నాడు. కోదాడ దాకా పోయి రాందాసును గుట్టుగా బస్సులో తీసుకురమ్మని ఒక మనిషిని పంపాడు. ఎవరిని పంపాడో చూడండి, మల్సూరును!

మల్సూరు బస్సుల అడ్డాకు పోలేదు. నేరుగా వీరేశం దుకాణానికి పోయాడు.

"రేపు రాందాసు బోడిగుండుతోని కోదాడల కూసుంటడు. ఫోటో తియ్యి. నీ అద్దాల పెట్టు. సూర్యాపేట సూర్యాపేటంత నీ దుకాణం ముంగటనే ఉంటది."

వీరేశం మెడ గోక్కున్నాడు. "ఆయన వద్దన్నడు గద మల్సూరూ. అందులో తల్లి సచ్చిపోయిన మనిషి."

"ఇంట్ల దూరి తియ్యమన్ననా? బజార్ల కూసున్నోనికి పర్దా ఏంది? అందరు సూస్తరు, నువ్వు గూడ సూడు. జర నీ ఫోటో పెట్టెలకెళ్ళి సూడు, అంతే."

వీరేశానికి ఆశ పుట్టింది. ఆశ పుట్టాక మనిషి అడిగేవన్నీ పనికి సంబంధించిన ప్రశ్నలే. "నాది పాత పెట్టె. నీడల అయితె మూత తీసి మూడు లెక్కబెట్టాలె. ఆ మూడు లెక్కలల్ల కదిలిన మనిషి పొగ లెక్క పడతడు. దుకాణంలనైతె తలకాయ పట్టి నిలవెడత. గాడ ఆయన తలకాయ ఎవరు పడతరు?"

"నేను పడత" అన్నాడు మల్సూరు.

అతని లెక్క సులువైనది. బోడిగుండు ఫోటో అద్దంలో పడితే జనం ఇక రాందాసును రాణిగా ఒప్పరు. నవ్వుతారు. మూడు ఆటలూ పోతాయని పంతులు తల పట్టుకుంటాడు. చివరికి చీర మడత విప్పి, "మల్సూరూ, నువ్వే గతి" అంటాడు. ఆ మాట వినడం కోసం మల్సూరు ఐదేళ్ళుగా బతుకుతున్నాడు.

మర్నాడు కోదాడలో ఎండ మండిపోతోంది. బస్సులాగే చోట తాటాకు పందిరి కింద టీ బల్ల ఉంది. తలకు తువ్వాల గట్టిగా చుట్టుకుని రాందాస్ బల్ల చివరన ఒదిగి కూర్చున్నాడు. ఎవరూ గుర్తుపట్టలేదు. రోడ్డుకు అవతల, విడిచిన బండ్ల సందున, వీరేశం మూడుకాళ్ళ స్టాండు నిలబెట్టి నల్లగుడ్డలో తల దూర్చాడు.

"ఏం తీసుకుంటారండీ?" అని టీ కొట్టాయన అడిగితే, "రెండు చాయ్" అన్నాడు మల్సూరు. రాందాస్ తాగలేదు. గ్లాసును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వొచ్చినవ్, ఎంత మంచిగైంది మల్సూరన్నా. ఇంకెవరన్న వస్తె సిగ్గయితుండె."

మల్సూరు అతని వెనక, పందిరి గుంజ పక్కన నిలబడ్డాడు. "ఉక్కపోస్తున్నది గద తమ్మీ. తలకు జర గాలి తగలనియ్యి" అని తనే తువ్వాల ముడి విప్పి లాగేశాడు. గుండు బయటపడింది. పాపం, రాందాస్ ఏమీ అనుకోలేదు. అన్న ప్రేమగా చేశాడనుకున్నాడు.

"మా అమ్మ నా ఆట ఒక్కటి గూడ సూడలే. కొడుకును చీరల సూస్తె తనకు కండ్లు తిరుగుతయనేది. పోయే ముంగట దగ్గరికి పిల్చి నా జుట్టు దువ్విందన్నా. జడ ఏసింది. మంచిగున్నవురా అన్నది."

అని ఏడ్చాడు. బజారు అని కూడా చూసుకోకుండా, తల వంచుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

మల్సూరు చూశాడు. గుండు గీయించుకున్నా ఆ మెడ ఒంపు అలాగే ఉంది. ఏడుస్తుంటే ముక్కుపుటాలు ఎర్రబడి ఇంకా బాగున్నాడు. ఏడుపు కూడా వీడికి అందంగానే రావాలా? మంచిగున్నవురా అని చెప్పే తల్లి కూడా వీడికే ఉండాలా? తన తల్లి ఆ మాట ఎప్పుడైనా అన్నదా? ఆ కడుపుమంటలో మల్సూరు తాను వచ్చిన పని కూడా మరిచిపోయాడు. రాందాస్ తలను పట్టుకోలేదు. గుంజ మీద చెయ్యి వేసి, స్టేజీ మీద రోజూ నిలబడినట్టే, రెప్ప కొట్టకుండా నిలబడిపోయాడు.

అవతల వీరేశం మూత తీశాడు. ఒకటి.

పెట్టె ముందున్న ఇత్తడి గొట్టం మీద ఎండ తళుక్కుమంది. రాందాస్ తల ఎత్తాడు, చూశాడు, రెండు చేతులతో ముఖం కప్పుకుని పక్కకు తిరిగాడు. రెండు. మూడు. మూత పడింది.

"అయ్యో వద్దు!" అని రాందాస్ లేచి, మల్సూరు చెయ్యి పట్టుకున్నాడు. "జర నువ్వు చెప్పన్నా ఆయనకు. నా మాట ఇనడు. మా అమ్మ కోసం ఏడుస్తున్నప్పుడు తీసిండు."

"బజార్ల కూసుంటె ఎవరన్న తీస్తరు తమ్మీ" అన్నాడు మల్సూరు. "నేనేం చెప్త?"

బస్సులో దారి పొడుగునా రాందాస్ తువ్వాల ముఖం మీదికి లాక్కుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆట రోజు పొద్దున్నే మల్సూరు తెల్లచొక్కా తొడుక్కుని ఫోటో దుకాణం వైపు బయలుదేరాడు. అనుకున్నట్టే అద్దం ముందు జనం మూగి ఉన్నారు. గుండె ఉప్పొంగింది. తోసుకుంటూ ముందుకు పోయాడు.

అద్దం వెనక పెద్ద ఫోటో ఉంది. అందులో బల్ల ఉంది, బల్ల మీద గ్లాసు ఉంది. బల్ల చివర రాందాస్ ఉండాల్సిన చోట తెల్లటి మసక ఉంది, మనిషో మూటో తెలియకుండా. ఆ మసక వెనక, గుంజ మీద చెయ్యి వేసి, చొక్కా గుండీతో సహా స్పష్టంగా మల్సూరు ఉన్నాడు. కళ్ళు ఆ మసకను కాల్చేస్తున్నాయి. పెదవి ఒక పక్కకు వంకర పోయింది. దవడ ఎముక బిగుసుకుని ఉంది. ఇన్నేళ్ళు వేషాలు కట్టి అద్దంలో చూసుకున్న మనిషికి కూడా, ఆ ముఖం తన దగ్గర ఉన్నట్టు తెలియదు.

"ఎవరమ్మా ఈయన? గింత కడుపుమంట ఎవరి మీద?" అని అడిగింది పూలమ్మే గోపమ్మ.

"పాపం, ఆ కూసున్నోడెవడో గాని, ఎనకకు తిరిగి సూస్తె జడుసుకుంటుండె" అన్నాడు ఇంకొకాయన. అని పక్కకు తిరిగి, మల్సూరును చూసి, మళ్ళీ ఫోటో చూశాడు. జనం మెల్లగా అతనికి దారి ఇచ్చారు.

తల కొట్టేసినట్టయింది. మల్సూరు దుకాణంలోకి దూరి వీరేశం చొక్కా పట్టుకున్నాడు. "తియ్యి! ఎవరినడిగి పెట్టినవ్ నా మొఖం?"

వీరేశం చొక్కా విడిపించుకున్నాడు. "రాందాసు మొఖం పడలే. పడకపోవుడే మంచిగైంది, నాకు కండ్ల మీద కునుకు లేకుండె. నీదంటవా, నా జిందగిల గింత సాఫ్ ఫోటో రాలే. బజార్ల నిలవడ్డవ్, అందరు సూసిన్రు. పర్దా ఏందని నువ్వే అంటివి గద?"

మల్సూరు ఫోటో అందుకోబోయాడు. వీరేశం అడ్డం నిలబడ్డాడు.

అప్పుడు లోపలికి వచ్చినవాడు రాందాస్. బండి లేదు, తెరలు లేవు. తలకు తువ్వాల చుట్టుకుని పట్టపగలు బజారులో నడిచి వచ్చాడు. బయట అద్దంలో ఫోటో చూసే వచ్చాడు. అంతా అర్థమైనట్టు అతని ముఖంలోనే తెలిసింది. తువ్వాల ముడి విప్పిన చేతులు గుర్తొచ్చి ఉంటాయి.

"తీసెయ్యి వీరేశమన్నా" అన్నాడు. "అడగకుండ తీసిన మొఖం ఎవరిదైతేంది. ఫోటో పట్టిన గాజుపలక గూడ ఆయనకే ఇయ్యి."

వీరేశం ఫోటో దింపాడు. గాజుపలకను కాగితంలో చుట్టి మల్సూరు చేతిలో పెట్టాడు. రాందాస్ అతని వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు. ఒక తిట్టు తిట్టినా బాగుండేది. ఈ పెద్దమనసు కూడా వీడికే రావాలా అని మల్సూరు అక్కడే కుమిలిపోయాడు.

ఆ రోజుల్లో చీకటి పడ్డాక జనం బయటికి రావడానికి జంకేవారు కాబట్టి ఆట పొద్దు ఉండగానే మొదలుపెట్టేవారు. తెర లేచింది. కట్టుడు జుట్టు పెట్టుకున్న రాందాస్ పాట ఎత్తుకున్నాడు. తల్లి పోయిన గొంతు కదా, ఎన్నడూ లేనంత బాగా పాడుతున్నాడు. కాని ముందు వరసలో గోపమ్మ పక్కామెను మోచేత్తో పొడిచింది. ఆమె ఇంకొకామెను పొడిచింది. వెనక వరసల్లో మనుషులు మెడలు చాచారు.

"గో, ఆ ఫోటోల ఉన్నాయనే. ఆ చెలికత్తె."

ఐదేళ్ళ తర్వాత మొదటిసారి జనమంతా రాణిని వదిలి మల్సూరునే చూస్తున్నారు. అన్ని కళ్ళూ అతని కళ్ళను వెతుకుతున్నాయి, అతని పెదవిని వెతుకుతున్నాయి. సాయంత్రపు ఎండ నేరుగా ముఖం మీద పడుతోంది. పక్క తెర చాటునుంచి పంతులు కదలొద్దని సైగ చేస్తున్నాడు.

మల్సూరు విసనకర్ర ఎత్తి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పాట అయిపోయేదాకా దించలేదు.