సభకు వీపు

మద్దిలేటికి కూర్చుంటే కాళ్లు నిలవడం లేదు, లేస్తే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచడం లేదు. తుండుగుడ్డ భుజాన వేసుకుంటాడు, తీస్తాడు, దులుపుతాడు, మళ్లీ వేసుకుంటాడు. ముఖం తుడుచుకోవద్దని చెప్పిన మేకప్ మనిషి ఎటు పోయాడో గానీ చెమట మాత్రం పోవడం లేదు.

వజ్రకరూరు అవతల వాళ్ల ఊరి చేలల్లోనే టీవీ సీరియల్ షూటింగు. కరువు మీద కథ. అందులో బోరున్న ఆసామి వేషం హరినాథ్‌ది. ఒకప్పుడు ఆదివారం సాయంత్రమైతే ఊరంతా పంచాయతీ ఆఫీసు టీవీ ముందు చేరి చూసిన నటుడు. ఇప్పుడు ముసలివాడయ్యాడు. బోరెండిన రైతు వేషం మద్దిలేటిది. ఉరవకొండ చుట్టుపక్కల నాటకాల్లో రాజు వేషం కట్టాలంటే మద్దిలేటే కట్టాలని పేరు. ఆ పేరు విని డైరెక్టరు గిరి ఇంటికొచ్చి మరీ అడిగిపోయాడు. అందుకే ఇవాళ శెనక్కాయ చేన్లో కలుపుకు పోయినవాళ్లు లేరు, మేకలు తోలినవాళ్లు లేరు. కట్టిన తాడు అవతల ఊరు ఊరంతా నిలబడి ఉంది. అందరికంటే ముందు, సద్దిమూట చంకన పెట్టుకుని, భార్య బయమ్మ.

చెప్పాల్సిన మాటలు ఎక్కువేం లేవు. "నీ బోర్లో ఇంకా నీళ్లుండాయి గదయ్యా. నాకొద్దు. నా ఎద్దులకు ఒక తొట్టి పొయ్యి." అంతే.

హరినాథ్ ముఖం కనపడే షాట్లన్నీ పొద్దున చల్లపూటే తీసేశారు. ఆయన వ్యానులోకి వెళ్లిపోయాడు. ఇక మద్దిలేటి ముఖం ఒక్కటే తీయాలి. ఆసామి మాటలు అందించడానికి అసిస్టెంటు జయరాం కెమెరా పక్కన నిలబడ్డాడు.

"నీళ్లు ఇవ్వను, పో" అని ఫోనులో చూసి చదివాడు జయరాం, బస్సు కండక్టరు ఊరి పేరు పిలిచినట్టు.

మద్దిలేటి కాళ్లు వాటంతటవే తిరిగాయి. జనం అతనికి ఎడమ పక్క, కాస్త వెనగ్గా ఉన్నారు. అటు తిరిగి, చెయ్యెత్తి, "నీళ్లుండాయి గదయ్యా" అంటూ చివర సాగదీసి పట్టాడు. చేల అవతల తిరిగే గాలిమరల హోరును కూడా మించింది గొంతు. జనం ఈలలు వేశారు.

"వన్స్ మోర్ మామా!" అని అరిచాడు మేనల్లుడు తిప్పేష్.

నాటకంలో జనం వన్స్ మోర్ అంటే మళ్లీ చెప్పాల్సిందే. మద్దిలేటి మళ్లీ అందుకున్నాడు.

"కట్! పెద్దాయనా, జనానికి కాదు, ఆసామికి చెప్పాలి!" అని కేకేశాడు గిరి.

"ఆసామి యాడుండాడప్పా? ఈ పిల్లోడు ఫోను చూస్తాండాడు. సభకు వీపు చూపేది మా గురువు నేర్పలేదు."

మళ్లీ తీశారు. మళ్లీ తిరిగాడు. మూడోసారి తిరగకూడదని పళ్లు బిగబట్టాడు గాని, ముఖం ఇటు ఉన్నా కళ్లు అటే పోయాయి. గిరి టోపీ తీసి తొడకేసి కొట్టుకున్నాడు. జయరాం చెవిలో ఏదో చెప్పాడు. కాసేపటికి అనంతపురం నుంచి వెంట తెచ్చుకున్న ఈశ్వరప్ప అనే చిన్న నటుడికి అచ్చం మద్దిలేటి తలపాగా లాంటిదే చుట్టసాగారు.

అది మద్దిలేటి కంటపడింది. ఊరి ముందర వేషం దింపేస్తే రేపు ఏ ముఖం పెట్టుకుని స్టేజీ ఎక్కాలి?

వ్యాను తలుపు తెరుచుకుంది. లుంగీ, బనియనుతో హరినాథ్ దిగాడు. మోకాలికి పట్టీ వేసుకుని ఉన్నాడు.

"సార్, మీ షాట్లు అయిపోయినాయి కదా. ఎండ..." అని మేనేజరు గొడుగు పట్టుకుని ఉరికాడు.

"నా జుబ్బా, కండువా తెప్పించు."

"ఈ షాటులో మీరు కనపడరు సార్. భుజం కూడా పడదు."

"తెలుసులే బాబూ."

జుబ్బా తొడుక్కుని, కండువా వేసుకుని, పొద్దుటి ఆసామి అయిపోయి కెమెరా పక్కన నిలబడ్డాడు. గొడుగు నీడ మద్దిలేటి ముఖం మీద పడుతుందని దాన్ని తీయించేశాడు. తర్వాత మద్దిలేటి దగ్గరికొచ్చి మెల్లగా చెప్పాడు.

"మద్దిలేటిగారూ, ఆ జనానికి తర్వాత దండం పెట్టుకుందురు గాని. ఇప్పుడు నీళ్లున్నది నా దగ్గర. వాళ్ల దగ్గర లేవు."

కెమెరా తిరిగింది. "నీళ్లు... నీళ్లు... ఏమిటయ్యా నా డైలాగు?" అన్నాడు హరినాథ్. అందరూ నవ్వారు, గిరితో సహా. పొద్దున ఒక్క ఊపున చెప్పిన మాటను ఈయన మరిచిపోవడమేమిటి? తన బెరుకు పోగొట్టడానికేనని మద్దిలేటికి అర్థమైంది. బిగుసుకున్న భుజాలు కాస్త దిగాయి.

"మళ్లీ" అన్నాడు గిరి.

"నీళ్లియ్యను. పో."

ఆ మాట ఫోనులోది కాదు. ఆ కళ్లలో కరగనితనం మద్దిలేటి చూశాడు. పోయిన వేసవిలో తన బోరు దుమ్ము కక్కిన రోజు, సంతకు తోలుకుపోయిన ఎద్దులు వెనక్కి తిరిగి చూసిన చూపు గుండెల్లో మెదిలాయి. ఊరు గుర్తు రాలేదు. తిన్నగా ఆసామి వైపు అడుగేశాడు. ఊరికి పూర్తిగా వీపు తిరిగింది. గొంతు లేవలేదు. పక్కమనిషితో బతిమాలుకున్నట్టే, "నాకొద్దు" అన్నాడు. "నా ఎద్దులకు ఒక తొట్టి పొయ్యి."

గిరి కట్ చెప్పడానికి కాస్త ఆలస్యమైంది. "ఓకే" అన్నాడు చివరికి.

ఈశ్వరప్ప తల దించుకుని తలపాగా విప్పుకోబోయాడు. హరినాథ్ చూశాడు.

"గిరీ, ఎద్దుల్ని కొనేవాడి వేషం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు కదా? ఈయనకియ్యి. మీరు ఆ గుడ్డ విప్పకండి."

కుర్చీలో కూర్చోబోతే హరినాథ్ మోకాలు వంగలేదు. మద్దిలేటి పోయి రెక్క పట్టుకున్నాడు.

"మీ బొమ్మే పడదంట గద సార్. ఎండలో ఎందుకు నిలబడితిరి?"

"మరి మీరెవరితో మాట్లాడాలి? ఫోనుతోనా?"

మద్దిలేటికి ఇంకా కుదురు చిక్కలేదు. ఈల లేదు, చప్పట్లు లేవు. బాగా వచ్చిందో చెడిందో ఎట్లా తెలుస్తుంది? తాడు దగ్గరికి పోయి ఊరికి దండం పెట్టాడు.

"ఏం మామా, గొంతు పాయనా? ఒక్క ముక్క వినపడలే!" అన్నాడు తిప్పేష్. జనం గొల్లుమన్నారు.

మద్దిలేటి బయమ్మ వైపు చూశాడు. ఆమె నవ్వలేదు.

"నీకూ వినపడలేదా?"

"యాడ వినపడింది! నీ యీపు ఒకటే కనపడె."

"ఊ?"

బయమ్మ సద్దిమూట ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంది. "ఆ యీపు చూసినాక నాకు ముద్ద మింగబుద్ధి కాలేదు. సద్ది అట్లే ఉండాది, చూడు" అంది.

మద్దిలేటి తాడు కింద నుంచి దూరి, గట్టు మీద ఆమె పక్కన కుదురుగా కూర్చున్నాడు.