జామకాయ తిన్న బస్సు

నేను ఒక డస్టర్‌ని. బోర్డు తుడిచేదాన్ని. నన్ను చూసి మీరేం లేచి నుంచోనక్కర్లేదు, ఇంతవరకూ ఎవరూ నుంచోలేదు.

పెడనలో ఒక వడ్రంగి కిటికీ రెక్కలు చేస్తుంటే మిగిలిపోయిన ముక్క నా వీపు. దాని కింద మేకులేసి బిగించిన మందపాటి ఉన్నిగుడ్డ నా పొట్ట. అదే చెక్కలోంచి పుట్టిన మా అక్క కిటికీ అయి, ఎక్కడో గాలీ వెలుతురూ చూసుకుంటూ దర్జాగా బతుకుతూ ఉండాలి. నేనేమో అవనిగడ్డ బస్టాండు వెనక, మేడమీద ఉన్న ఒక కోచింగ్ సెంటర్లో వచ్చి పడ్డాను. టీచరు ఉద్యోగాల పరీక్షకు తయారుచేసే సెంటరది. అక్కడి కిటికీలకు కూడా ర్యాంకర్ల ఫొటోలు అంటించేసి వెలుతురు మూసేశారు. నాకు ముందున్న డస్టర్‌ని ఎవరో పట్టుకుపోయారట, అందుకని మొదటిరోజే నా వీపుకు చిల్లు వేయించి, నైలాన్ తాడు కట్టి, బోర్డు పక్కన మేకుకు బిగించారు. దొంగెవడో హాయిగా తిరుగుతున్నాడు, తాడు మాత్రం నాకు పడింది. ఇదెక్కడి న్యాయమో మీరే చెప్పండి.

ఆ తాడు పొడవే నా ప్రపంచం. బోర్డు పైన కుడివైపు మూల నాకు అందేది కాదు. అక్కడ ఎవరో ఎప్పుడో రాసిన తప్పు వాక్యం ఒకటి ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయింది. నేను దాన్ని చూసేదాన్ని, అది నన్ను చూసేది. ఇద్దరికీ విడుదల లేదు.

సెంటరు రామలింగేశ్వర్రావు మాస్టారిది. ఇంగ్లీషు ఆయనే చెప్పేవారు. మంచివాడు, అందులో సందేహం లేదు. కానీ ఆయన పద్ధతి ఒకటుంది. వాక్యం రాస్తే తప్పు వాక్యమే రాస్తారు. దాన్ని నాలుగు ముక్కలుగా గీతలు పెట్టి కోసి, కింద ఏ, బీ, సీ, డీ అని వేసి, "చెప్పండి, తప్పు ఎక్కడుంది?" అంటారు. పిల్లలు ఒక అక్షరం అరుస్తారు. సరైన అక్షరమైతే వెంటనే నన్ను పట్టుకుని బరబరా తుడిచేస్తారు. మళ్ళీ ఇంకో తప్పు.

"ఒరే నాయనా, 'వన్ ఆఫ్ ద బాయ్స్ ఆర్ ఆబ్సెంట్' అని ఉంది చూడు. 'ఆఫ్' తర్వాత ఉన్న మందని చూసి మోసపోతారేంటయ్యా? ముందున్న ఒక్కణ్ణి చూడండి. క్రియ వాడిది!" అనేవారు మాస్టారు. పాఠం బాగానే చెప్పేవారు. ఒప్పు వాక్యం నోటితో ఒకసారి గబగబా అనేసేవారు కూడా. కానీ బోర్డు మీద రాసేవారు కాదు. పరీక్షలో గుర్తు పెట్టాల్సింది అక్షరమే కదా, ఒప్పు రాస్తూ కూర్చుంటే టైము ఎవడిస్తాడు?

దానివల్ల నాకు జరిగింది వినండి. ఇన్నేళ్ళలో నేను తిన్నవన్నీ తప్పులే. ఏకవచనానికి బహువచనం తగిలించినవి, విశేషణం ఒకచోట ఉండాల్సింది ఇంకోచోట వేలాడేవి, తలా తోకా లేనివి. ఒక్క ఒప్పు వాక్యం, రుచి చూద్దామన్నా, నా పొట్టలో పడలేదు. అడిగే నోరు నాకేదీ?

నాలాంటిదే ఇంకో ఆవిడ అక్కడ ఉండేది. సలోమి. మోపిదేవి నుంచి వచ్చేది. పొద్దున జాకెట్లు కుట్టుకుని, మధ్యాహ్నం బస్సెక్కి వచ్చి, ముందు బెంచీలో చివర కూర్చునేది. ప్రతిసారీ పరీక్ష రాసేది, ప్రతిసారీ కాస్తలో పోయేది, మళ్ళీ వచ్చి అదే బెంచీలో కూర్చునేది. ఆవిడ కోరిక ఒక్కటే. పిల్లల ముందు సుద్దముక్క పట్టుకుని నుంచోవాలి. అబ్బో, తప్పు పట్టడంలో మాత్రం ఆవిడ తర్వాతే ఎవరైనా. మాస్టారు వాక్యం పూర్తిచెయ్యకముందే "సీ పార్టండీ!" అనేది. మాస్టారు మురిసిపోయేవారు.

ఒకరోజు ఆయన సరదాగా, "సలోమమ్మా, నీ గురించి ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చెప్పు" అన్నారు. ఆవిడ లేచింది. "మై" అంది. ఆగింది. "ఐ యామ్" అంది. ఆగింది. పెదవులు కదులుతున్నాయి, మాట బయటికి రావడం లేదు. క్లాసంతా బిక్కమొహాలు వేసింది.

"ఏమ్మా, అన్నీ తెలుసుగా నీకు!"

"తెలుసండీ. నోరు తెరవబోతే ముందు తప్పే కనబడతందండీ. ఇంక ముందుకెళ్ళబుద్ధి కాదు" అంది సలోమి, కూర్చుంటూ. కళ్ళనిండా నీళ్ళు. నాకు గుండె లేదంటారు గానీ, ఆ రోజు ఎక్కడో కలుక్కుమంది. నాకు నైలాన్ తాడు, ఆవిడకి కనబడని తాడు.

తర్వాత నోటిఫికేషన్ వచ్చేసరికి సలోమికి వయసు దాటిపోయింది. ఇంక ప్రభుత్వ బడి ఆశ లేదు. అప్పుడే చల్లపల్లి దగ్గర ఒక చిన్న ప్రైవేటు స్కూలు వాళ్ళు నాలుగో తరగతికి ఇంగ్లీషు చెప్పడానికి డెమో క్లాసుకు రమ్మన్నారు. ఒక్క క్లాసు చెప్పి చూపించాలి. నచ్చితే ఉద్యోగం, లేకపోతే మళ్ళీ జాకెట్లే. డస్టర్ ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలని కూడా చెప్పారట, ఆ బడి దర్జా అలాంటిది. సలోమి మాస్టారికి చెప్పుకోవడానికి వచ్చింది. ఆయన బ్లేడు తీసి నా తాడు పుటుక్కున కోసేశారు.

"ఇది తీసుకెళ్ళమ్మా. నీ అంత పాతది. భయపడకు, నేను చెప్పినట్టే చెప్పు."

తాడు తెగిందని ఎగిరి గంతేద్దామనుకున్నాను. ఎక్కడ? నేరుగా ఆవిడ హ్యాండ్‌బ్యాగులో, టిఫిన్ డబ్బాకీ గొడుక్కీ మధ్య ఇరుక్కున్నాను. జిప్పు వేసేసింది. బస్సు కుదుపుల్లో ఆవిడ గొణుక్కుంటున్న మాటలు వినబడుతూనే ఉన్నాయి. ప్రతి వాక్యం మొదలుపెట్టి మధ్యలో వదిలేస్తోంది.

క్లాసులో నన్ను బల్ల మీద పెట్టింది. ఎదురుగా నాలుగో తరగతి. వెనక బెంచీ పక్కన కుర్చీ వేసుకుని హెడ్‌మిస్ట్రెస్ ఇందుమతి మేడం కూర్చుంది. సలోమి సుద్దముక్క అందుకుంది. బెదిరిన చెయ్యి తెలిసిన దారే పట్టుకుంటుంది కదా, మాస్టారు చెప్పినట్టే బోర్డు మధ్యలో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది.

"ఈటింగ్ ఎ గువా, ద బస్ కేమ్."

జామకాయ తింటూ బస్సు వచ్చిందిట. వెనక్కి తిరిగి, కాస్త ధైర్యంగా, "చెప్పండి, తప్పు ఎక్కడుంది?" అంది.

తలలన్నీ వంగిపోయాయి. పెన్సిళ్ళు కరకరలాడుతున్నాయి. తారీకు వేసి, కింద స్కేలుతో గీత కొట్టి, ఆ తప్పు వాక్యాన్ని గుండ్రంగా, అందంగా పుస్తకాల్లోకి దించుకుంటున్నారు. కోచింగ్‌లో బోర్డు మీద ఉన్నదంటే తప్పని లెక్క. ఇక్కడ బోర్డు మీద టీచరు రాసిందంటే అది ఒప్పని లెక్క. ఈ సంగతి ఇన్నేళ్ళలో మాస్టారికి తట్టలేదు, ఆవిడకి తట్టలేదు, నాకూ తట్టలేదు.

గబుక్కున నన్ను అందుకుని బోర్డు మీదికి ఎత్తింది.

"టీచర్, తుడవకండి టీచర్! ఇంకా రాయలేదు!" క్లాసంతా ఒక్కటే గోల.

నేను గాల్లో ఆగిపోయాను. తుడిస్తే పిల్లల గోల, తుడవకపోతే మేడం చూపు. వెనక కుర్చీ కిర్రుమంది. సలోమి నోరు తెరిచింది, మూసింది. అయిపోయింది, మళ్ళీ అదే తాడు అనుకున్నాను.

అప్పుడు ముందు వరసలో రెండు జడల పిల్ల ఒకతి పెన్సిల్ నోట్లో పెట్టుకుని తెలుగులో అడిగింది. "బస్సు జామకాయ తింటదా టీచర్?"

క్లాసు గొల్లుమంది. సలోమి ఒక్క క్షణం ఆ పిల్లను చూసింది. తర్వాత ఆవిడా నవ్వేసింది. నిజంగా, పళ్ళు కనబడేలా. అన్ని వేల వాక్యాల్లో తప్పు ఏ ముక్కలో ఉందో చూసింది గానీ, జామకాయ ఎవరు తింటున్నారో ఎప్పుడూ అడగలేదు మరి.

"బస్సు తినదు. మరి ఎవరు తిన్నారు?"

"మీరే టీచర్!"

"అవును, నేనే." సలోమి బోర్డు వైపు తిరిగింది. ఈసారి గొణగలేదు, ఆగలేదు. పైకి చదువుతూ తప్పు వాక్యం కింద రాసింది. "ఐ వాజ్ ఈటింగ్ ఎ గువా వెన్ ద బస్ కేమ్."

మొదటి మాటే 'ఐ'. ఎక్కడా కొట్టివేత లేదు. పిల్లలు గట్టిగా చదివారు, తర్వాత అదీ రాసుకున్నారు. సుద్ద పట్టుకున్న ఆ చేతిని చూసి నేను పొంగిపోయాను. సిగ్గెందుకు, పొంగిపోయాననే చెబుతున్నాను.

గంట కొట్టాక మేడం లేచి దగ్గరికి వచ్చింది. కోపంగా రాలేదు, అదే ఇంకా కష్టంగా ఉంది.

"బాగా నవ్వించారమ్మా పిల్లల్ని. కానీ తప్పు రాయించారు. సాయంత్రం పుస్తకాలు ఇళ్ళకెళ్తాయి, ఒక్కో తల్లి ఫోన్ చేసి అడుగుద్ది."

"కింద ఒప్పు కూడా రాశారండీ" అంది సలోమి.

"ముందు చూసిందే కదమ్మా పిల్లలకి నిలిచిపోయేది."

సలోమి సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. ఆ మాట ఎంత నిజమో ఆవిడకన్నా ఎవరికి తెలుసు. మేడం పిల్లల వైపు తిరిగి, "అందరూ ఆ పేజీ చింపేయండి" అంది. చర్రుచర్రుమని క్లాసంతా చిరిగింది. తప్పుతోపాటే ఒప్పు కూడా వెళ్ళి చెత్తబుట్టలో పడింది. సలోమి బ్యాగు తగిలించుకుని, రెండు జడల పిల్ల తలమీద చెయ్యి వేసి, వెళ్ళిపోయింది. నన్ను బల్ల మీదే మర్చిపోయింది. మర్చిపోయిందనే అనుకుంటున్నాను.

బోర్డు మీద మాత్రం ఆ రెండు వాక్యాలూ ఉండిపోయాయి. మర్నాడు డెమోకి ఇంకొకాయన వచ్చాడు. నున్నగా దువ్వుకున్న క్రాపు, గడగడా ఇంగ్లీషు. వస్తూనే నన్ను పట్టుకుని బోర్డు పైనుంచి కిందికి ఒక్క ఊపులో తుడిచాడు. ముందు బస్సు పోయింది. దాని వెనక ఆవిడ వాక్యం.

నేను మొట్టమొదట తిన్న ఒప్పు వాక్యం అదే. రుచి ఎలా ఉందని అడక్కండి, గొంతు దిగలేదు.

ఉద్యోగం ఆయనకిచ్చారు. పిల్లలు నన్ను ఒకరి మీద ఒకరు విసురుకుంటున్నారని నా వీపు చిల్లులోంచి మళ్ళీ తాడు వేసి కట్టారు. ఇక్కడా పై మూల నాకు అందదు. మేడం అన్నదే నిజమైంది. ఆ పిల్లలు ఇప్పటికీ వరండాలో ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని బస్సాట ఆడుతూ, "ఈటింగ్ ఎ గువా, ద బస్ కేమ్!" అని అరుస్తారు. కింద రాసిన రెండోది ఒక్కరికీ గుర్తులేదు.

శనివారం సాయంత్రం తాడు విప్పి నన్ను వరండా గోడకేసి బాదుతారు. ఏళ్ళనాటి తప్పులన్నీ తెల్లగా రాలిపోతాయి. పళ్ళు లేకపోయినా పళ్ళు బిగబట్టుకుని, ఆ ఒక్కదాన్ని మాత్రం రాలనివ్వకుండా ఉన్నిలో లోపలికి, ఇంకా లోపలికి లాక్కుంటాను. సలోమి ఎప్పుడైనా నాకోసం వచ్చి అడిగితే, ఆవిడ వాక్యం ఆవిడకి ఇవ్వాలి కదా.