పరాకు ఒంటి మీది రాతలు

పొద్దున్నే కొట్టు తెరవగానే యజమానమ్మ చేసే మొదటి పని పరాకు చేతులు చదవడం. పరాకన్నది పెట్టిన పేరు కాదు, పిలవగా పిలవగా నిలిచిపోయింది. బట్టలు సైజు మార్చి కుట్టే ఆ కొట్టులో పదేళ్ళుగా పని చేస్తోంది. ఏది మర్చిపోతే అది ఆమె ఒంటి మీద ఎర్రగా అక్షరాలై లేస్తుంది. ఆ పని చేసేదాకా ఒకటే దురద. పని అయ్యాక గోకుడు ఆగుతుంది కానీ ఆ అక్షరాల మచ్చలు మాత్రం పోవు.

"నీలం ప్యాంటు జిప్పు," మోచేతి దగ్గర చదివింది యజమానమ్మ. "ఓసి నీ మతిమరుపు బంగారం కానూ! పన్నెండింటికి వస్తాడే ఆయన."

కోటు పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషి మెడ సాచి చూసి, గోళ్ళు కత్తిరించుకోమని సలహా ఇచ్చాడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ?" అని యజమానమ్మ ఆయన చేతిలో రసీదు పెట్టింది.

మధ్యాహ్నం పరాకు ఆసుపత్రికెళ్ళింది. తోడబుట్టిన అక్క ఒక్కతే ఆమెకి. ఆ అక్క ఇక ఇంటికి రాదని డాక్టర్లు చెప్పేశారు. అక్క మొగుడు ఎప్పుడో పోయాడు, తొమ్మిదేళ్ళ కూతురుంది. మూడు నెలలుగా ఆ పిల్ల పరాకు దగ్గరే ఉంటోంది. అక్క దిండు కింద మాత్రం హాస్టల్ దరఖాస్తు ఉంది.

"దాన్ని నా దగ్గరే ఉంచక్కా."

"పొయ్యి మీద పాలు మర్చిపోయేదానివి, పిల్లనేం చూస్తావే?"

"నేను కావాలని మర్చిపోతానా? తామర ఉన్నవాళ్ళలో కొందరికి ధ్యాస కూడా నిలవదట. దురదకి నిద్ర పట్టక అలా అవుతుందో, మరెందుకో, ఖచ్చితంగా చెప్పలేమన్నాడు చర్మం డాక్టరు. నలభై ఏళ్ళుగా నాకు ఒళ్ళు బద్ధకమనే కదక్కా అన్నారందరూ!" పరాకుకి ఏడుపొచ్చింది.

"కావాలని కాదులేవే. కానీ నువ్వు మర్చిపోతే పిల్ల బడి గేటు దగ్గర నిలబడే ఉంటుంది కదా?"

పరాకు మోచెయ్యి గోక్కుంది. అక్క కళ్ళజోడు పెట్టుకుంది.

"ఏదీ, చూడనీ."

చేతుల మీద గొడుగు, తాళంచెవి, తెల్ల చొక్కా గుండీలు. వీపు మీద పాత మచ్చలు. అక్కకి ఫోన్ చెయ్యాలి. అక్కకి దుప్పటి. గురువారం అక్క దగ్గరికి. అక్క వేలు పెట్టి లెక్కపెట్టింది, తొమ్మిది.

"నన్నిన్నిసార్లు మర్చిపోయావుటే?"

పరాకు రాని ఆ గురువారమంతా అక్క తలుపు వైపే చూస్తూ పడుకుంది. పరాకు సిగ్గుతో చచ్చిపోయింది, తలెత్తలేదు.

అక్క మెడ చూసింది, పిక్కలు చూసింది, అరికాళ్ళు కూడా చూసింది. మళ్ళీ మొదట్నుంచి చదివింది.

"దానివేవే?"

"ఎవరివి?"

"నా కూతురివి. దగ్గు మందు, జడలు, బడి గంట... మూడు నెలల్లో ఒక్కటీ లేదేంటి?"

"ఏమోనక్కా. నాకు తెలీదు."

అక్క దిండు కింద కాగితం తీసి నిదానంగా చింపేసింది. చెల్లెలి సంచిలోంచి మందు తీసి, చెయ్యి అందని వీపు మీద, ఆ తొమ్మిది మచ్చల మీద రాసింది. రాస్తూ ఏడ్చింది.

"వద్దక్కా, అవి చెరిగిపోతే నిన్ను మళ్ళీ..."

"నన్ను మర్చిపోతే మర్చిపో, పిచ్చిదానా. లే, బడి వదిలే వేళయింది."

పరాకు అప్పటికే చెప్పుల్లో కాళ్ళు పెట్టేసింది.