ఎక్కువైన పోగు

అది 1963. జమ్మలమడుగు ఆస్పత్రిలో నేను నర్సును.

గుల్జార్‌బీ కోడలు మాబున్నికి నలభయ్యో ఏట కొడుకు పుట్టాడు. బిడ్డ అందరిలా లేడు: మెత్తటి ఒళ్ళు, ఏటవాలు కళ్ళు, అరచేతిలో ఒకటే అడ్డగీత.

"గ్రహణం నాడు వంకాయలు కోసింది. దీన్ని లింగాల ఊర్లో పుట్టింట్లో వదిలిపెట్టి, నా కొడుక్కు ఇంకో నిఖా చేస్తా" అని గుల్జార్‌బీ వార్డంతా వినేలా చెప్పింది. మాబున్ని గోడవైపు తిరిగి పడుకుంది.

"వంకాయ కోసే కత్తి కడుపులో బిడ్డకు అందుతాదా?" అన్నాను.

"నీకేం తెలుసు, పిల్లలు లేనిదానివి" అంది. ఒళ్ళు మండి డాక్టరమ్మను పిలుచుకొచ్చాను.

గుల్జార్‌బీది మంచాలకు నవారు నేసే ఇల్లు. డాక్టరమ్మ అక్కణ్ణించే మొదలుపెట్టింది.

"గుంజల మధ్య లాగికట్టిన పోగుల్లో ఒక్కటి వదులుగా ఉంటే నేస్తావా?"

"యాడ నేస్తా? వేలితో తడిమి, అన్నీ బిగిసినాకనే."

"ఒంట్లో కణం కూడా అంతే. దాంట్లో క్రోమోజోములని సన్నటి పోగులుంటాయి. కణం రెండయ్యే ముందు ఒక్కో జతను రెండువైపుల నుంచీ దారాలు పట్టి లాగుతాయి. అన్నీ బిగిసేదాకా కణం ఆగుతుంది. ఎప్పుడో ఒకసారి ఒక జత విడిపోక, రెండూ ఒకవైపే పోతాయి. ఈ బిడ్డకు అట్లా ఒక పోగు ఎక్కువొచ్చింది."

"తప్పెవరిది?"

డాక్టరమ్మ అబద్ధం చెబితే బాగుండునని ఆశపడ్డాను. చెప్పలేదు.

"చాలాసార్లు తల్లి గుడ్డులోనే జరుగుతుంది. ఆడపిల్ల పుట్టకముందే ఆమె గుడ్లు తయారై ఉంటాయి. గుడ్డు ఆ జతలను నలభై ఏళ్ళు పట్టుకుని ఉండాలి. వయసు పెరిగేకొద్దీ పట్టు సడలి, బిగువు తప్పి, రెండూ ఒకవైపే పోవచ్చు. తప్పు కాదమ్మా, ఏ తల్లీ చేతులారా చేసేది కాదు."

మాబున్ని వెక్కివెక్కి ఏడుస్తోంది. ఇక ఆమె కాపురం అయిపోయిందనుకున్నాను.

గుల్జార్‌బీ డాక్టరమ్మ పక్కన బల్ల మీద కూర్చుంది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది.

"నాకూ కడాకు ఒగడు పుట్టినాడు, నలభై రెండేండ్లప్పుడు. ఇవే కండ్లు, ఇదే గీత. రెండేండ్లు బతికినాడు. గ్రహణం నాడు అన్నం తిన్నావని మా అత్త సచ్చేదాకా నన్నే అనింది. నేను తినలేదమ్మా. అయినా తిన్నానేమో అనుకుంటానే బతికినా."

ఆమె మీద మండిపడినందుకు నాకు సిగ్గేసింది.

గుల్జార్‌బీ డాక్టరమ్మ చేయి పట్టుకుంది. "అట్లయితే నేనేమీ చేయలేదా?"

"ఏమీ చేయలేదు."

ఆమె లేచి కోడలి మంచం దగ్గరికి వెళ్ళి, బిడ్డను రెండు చేతులతో ఎత్తుకుంది.

"ఈ పక్కకు తిరుగు, మాబున్నీ. నువ్వూ ఏమీ చేయలేదు."