సోమవారం గారు, మంగళవారం గారు

నేను ఒక హత్యా నవలని. పేరు 'ఎనిమిది గొడుగులు'. వానకి బస్టాండులో తలదాచుకున్న ఎనిమిదిమందిలో, వాన వెలిసేసరికి ఒకడు చచ్చిపడి ఉంటాడు. మిగిలిన ఏడుగురూ ఒకరికొకరు కొత్తవాళ్లే. కానీ ఇరవై పేజీలు తిరిగేసరికి అందరికీ ఏదో ఒక ముడి ఉందని తేలుతుంది. అంతకుమించి చెబితే నా బతుకుతెరువు పోతుంది.

విజయవాడలో చవక కాగితం మీద అచ్చయ్యాను. రాజమండ్రి స్టేషన్లో నన్ను కొన్న పెద్దమనిషి సామర్లకోట రాకుండానే గుర్రు పెట్టాడు. మర్నాడు చుట్టాన్ని చూడటానికి కాకినాడలో ఒక ఆసుపత్రికి వెళ్లి, డయాలసిస్ వార్డులో నన్ను మరిచిపోయాడు. నర్సు కుమారి నన్ను నాలుగో మంచం పక్కన కిటికీలో పెట్టి, కట్టుగుడ్డ పీలికతో ఒక పెన్సిలు కట్టింది.

ఆ మంచం సోమ, గురువారాల్లో విశాలాక్షి గారిది. లెక్కల టీచరుగా రిటైరయ్యారు. మంగళ, శుక్రవారాల్లో జగన్నాథపురం వంతెన దగ్గర పంక్చర్లు వేసే సత్తిరాజుది. నాలుగేసి గంటలు ఒక చెయ్యి మెషీనుకి, ఇంకో చెయ్యి నాకు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

ఇరవై మూడో పేజీ అంచున టీచరుగారు గుండ్రటి అక్షరాలతో రాశారు: "ఇంతమంది కొత్తవాళ్లకి ఇన్ని సంబంధాలా? నమ్మబుద్ధి కావడం లేదు. పదికి మూడు."

మర్నాడు దాని కింద వంకర రాత పడింది. "మరీ మూడేనాండి సోమవారం గారూ? పాపం, వాన బాగా రాశాడు కదండి."

"వానకే ఆ మూడూ, మంగళవారం గారూ."

అలా మొదలైంది. మనుషులు ఎదురుగా కూర్చున్నప్పుడు మొహమాటపడి మింగేసేదంతా నా అంచుల మీద ధారాళంగా రాసుకున్నారు. టైములు కలవడం లేదు కాబట్టి ఆ ఏడుగురిలో బస్సు కండక్టరే హంతకుడని ఆవిడ లెక్క కట్టారు. సత్తిరాజు ఒప్పుకోలేదు. "మందుల ఏజెంటు సైకిలు గాలి పోయి ఆగిపోయానంటున్నాడండి. మేకు దిగితే టైరుకి గుర్తుండాలి కదండి. వాడే వాల్వు పీకేసుంటాడు." వారానికి రెండు అధ్యాయాలు, ఒకరిని దాటి ఒకరు ముందుకు పోకూడదు. అదీ ఒప్పందం.

చివరి అధ్యాయం మిగిలింది. ఆ మంగళవారం సత్తిరాజు రాలేదు. శుక్రవారం వేరే ఎవరో పడుకున్నారు. సోమవారం కూడా టీచరుగారు నన్ను తెరిచి, అంచు ఖాళీగా ఉండటం చూసి, మళ్లీ మూసేశారు.

"కుమారీ, మంగళవారం ఆయన ఏరమ్మా?"

"ఆయాసం వచ్చిందండి. పై వార్డులో ఉంచారు. మీరు చదివేసుకోండి, ఆయన ఎప్పుడొస్తారో ఏంటో."

ఆవిడ పెన్సిలు తీసి రాశారు: "ముందు మీరే చదవండి. నాకు చెప్పకండి." నన్ను పైకి పంపించారు.

ఆక్సిజను గొట్టం ముక్కుకి ఉండగానే సత్తిరాజు ఆ మాట రెండుసార్లు చదివాడు. నర్సునడిగి ప్లాస్టరు తీసుకుని, నా చివరి అధ్యాయాన్ని, పంక్చరుకి అతుకు వేసినంత గట్టిగా, చుట్టూ అంటించేశాడు. అలాగే తలకింద పెట్టుకున్నాడు. పది రోజులు ఆ బరువు మోశాను. మనిషి ఊపిరి సర్దుకోవడం వినడం కంటే మంచి పని నవలకి దొరకదు.

తర్వాతి గురువారం ఐదో మంచం మీదికి కొత్తగా ఒకాయన వచ్చాడు. డాక్టరు రోజులు మార్చారట. చేతిలో నేనున్నాను.

"మీరేనాండి సోమవారం గారు?"

"ఇంకా చదవలేదూ?" అన్నారావిడ, ప్లాస్టరు చూసి.

"ఒక్కణ్ణే ఏం చదువుతానండి. కండక్టరు కాదని తేలితే మీ మొహం చూడాలి కదా."

ఆవిడ పైకి చదివారు, అతను విన్నాడు. హంతకుడెవరో నేను చెప్పను. సత్తిరాజు నవ్వుకి మెషీను రెండుసార్లు కూత పెట్టిందని మాత్రం చెబుతాను.

అప్పటినుంచి నా అంచున ఎవరూ ఏమీ రాయడం లేదు. వాళ్లు మాట్లాడుకుంటారు, నేను కిటికీలో ఎండ కాచుకుంటాను. ఇరవై మూడో పేజీలో మాత్రం 'నమ్మబుద్ధి కావడం లేదు' అన్నది కొట్టేసి ఉంటుంది. మూడు కొట్టేసి ఎనిమిది వేసి ఉంటుంది.

మిగతా రెండు మార్కులూ కండక్టర్ని వదిలేసినందుకు కోసేశారట.