గట్టిమేళానికి నిలిచే పళ్లసెట్టు

“గట్టిమేళం ఊదే టయానికి పైసెట్టు మళ్లీ జారితే ఏం జేస్తావు మే?” అని మా కూతురు మహితను అడిగాను. అప్పటికి ఇంకా ఏ పనీ మొదలుకాలేదు. నోటి అచ్చు కూడా తీయలేదు. అయినా నా నోరు ఊరుకోదు.

“జారదులే మా,” అంది అది, ఏప్రానుకు చేతులు తుడుచుకుంటూ.

కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినంత తేలిగ్గా అంటుంది ఆ మాట. నేను చదివింది ఏడో తరగతి దాకానే. మహిత పళ్లసెట్లు చేసే పని నేర్చుకుని, తిరుపతిలో మా ఇంటి ముందరి గదిలోనే చిన్న ల్యాబు పెట్టుకుంది. డాక్టర్లు అచ్చులు పంపుతారు, ఇది సెట్లు చేసి ఇస్తుంది. ఎవరి సెట్టు బయటికి పోయినా వెనక్కి వస్తుందేమోనని నాకు దిగులే. ఇంతవరకూ ఒక్కటీ రాలేదు. కానీ ఈసారి సెట్టు మా నాయనకు.

మా నాయన పేరు చిన్నబ్బ. వడమాలపేట చుట్టుపక్కల నాదస్వరం అంటే ఆయనే. పోయిన ఏడాది ఎక్కడో చేయించుకున్న సెట్టు పెట్టుకుని ఒక పెళ్లికి వాయించబోయాడు. తాళి కట్టే వేళకు గట్టిమేళమని పంతులు చెయ్యి ఊపాడు, డోలు అందుకుంది, నాయన ఊపిరి బిగబట్టి ఊదాడు. పైసెట్టు ఊడి, పెదాల మధ్య పట్టుకున్న పీక మీద పడింది. సీవాళి అంటారు ఆ పీకను. పెళ్లికూతురు కూడా నవ్విందట. ఎవరో ఫోన్లో వీడియో తీసి నలుగురికీ పంపారు. ఆ రోజు నుంచి నాదస్వరానికి గుడ్డ తొడిగి అటకెక్కించాడు. మాట్లాడటం కూడా తగ్గించేశాడు.

మొన్న నేను నాయన దగ్గరికి వెళ్లి ఉండగా పూతలపట్టు నుంచి నరేంద్ర ఫోన్ చేశాడు. అతని పెళ్లికి వాయించింది నాయనే. ఇప్పుడు కూతురి పెళ్లి. నాయన వస్తాడో రాడో గురువారం సాయంత్రానికి చెప్పమన్నాడు, లేకపోతే చిత్తూరు మేళం మాట్లాడుకుంటాడట. నాయన ఫోన్ నా చేతిలో పెట్టి లేచిపోయాడు. రానని మాత్రం అనలేదు. నాకు అది చాలు. నాదస్వరాన్ని సంచిలో పెట్టుకుని, ఆయన్ని బస్సెక్కించి తిరుపతికి తీసుకొచ్చాను.

మహిత పాత సెట్టును తిరగేసి, వెలుతురుకు పెట్టి చూసింది.

“లోపలంతా నున్నగా ఉండాది సూడు మా. తాత అంగిట్లో ఉండే గీతలు ఒగటి గూడా దీంట్లో పడలే. మెత్తటి ప్లాస్టరుతో మోడల్ పోసినట్టుండారు.”

నాకు అర్థమయ్యేలా అదే విడమరిచి చెప్పింది. నోటి నుంచి తీసిన అచ్చులో పొడి కలిపి పోస్తే అది గట్టిపడి నోటి మోడల్ అవుతుంది. సెట్టు తయారయ్యేది దాని మీదే. మోడల్ మెత్తటిదైతే, బిగించి ఉడకబెట్టేటప్పుడు అరుగుతుంది. అప్పుడు సెట్టు ఆ అరిగిన మోడల్‌కు సరిపోతుంది కానీ మనిషి నోటికి సరిపోదు. అంగిలికీ దానికీ మధ్య గాలి దూరుతుంది. మామూలు మనిషైతే ఎలాగో సర్దుకుంటాడు. ఊదేవాడికి గాలి దూరితే ఇంకేం నిలుస్తుంది?

మహిత నాయనను తీసుకెళ్లి, డాక్టరు గిరిప్రసాద్ దగ్గర రబ్బరు పేస్టుతో అచ్చు తీయించుకొచ్చింది. మోడల్‌కు గట్టి రకం తీసింది. పసుపుపచ్చగా ఉండే స్టోన్ పొడి అది. సంగటికి ఎసరు నేను కంటితోనే చూసుకుంటాను. ఇది పొడిని తూకం వేసి, నీళ్లు గొట్టంతో కొలిచి కలిపింది. గట్టిపడ్డాక విడదీస్తే నాయన అంగిలి ముడతలతో సహా బయటికొచ్చింది. దాన్ని కిటికీ గట్టు మీద పెట్టి, వేరే డాక్టరు సెట్లు ఇచ్చిరావడానికి అలిపిరి వైపు వెళ్లింది.

తిరిగొచ్చేసరికి మోడల్ గిన్నెలో నీళ్లలో ఉంది.

“ఎండిపోతా ఉంటే నేనే ఏసినాను,” అన్నాడు నాయన. “సీవాళిని తడపకుండా ఎవురన్నా ఊదుతారా?”

మధ్యలో పాత నీళ్లు పారబోసి కొత్త నీళ్లు కూడా పోశాడు. అది నేను చూశాను. ఏడాదిగా దేని మీదా మనసు పెట్టని మనిషి శ్రద్ధగా ఏదో చేసుకుంటున్నాడు కదా అని ఊరుకున్నాను.

మహిత మోడల్‌ను తుడిచి, గోటితో గీసి చూసింది. గోటికి పొడి అంటుకుంది. గురువారం దగ్గర పడుతోంది. చూడటానికి రాయిలాగే ఉంది కదా, ఎండలో ఆరబెట్టి దీని మీదే చేసేయమని బతిమాలాను.

“పైపొర కరిగిపోయింది మా. దీని మీద జేస్తే ఆ పాతదానికి తమ్ముడు పుడతాడు. సీవాళి తడిస్తేనే పలుకుతాది తాతా, ఇది పొడిగా ఉంటేనే నిలుస్తాది.”

నాయన తలొంచుకున్నాడు. రబ్బరు అచ్చు చెడలేదు కాబట్టి అదే సాయంత్రం అందులో మళ్లీ స్టోన్ కలిపి పోసింది. కరెంటు పోతుందని, అచ్చు పాడవుతుందని, నరేంద్ర మనసు మార్చుకుంటాడని నేను వరసగా ఏకరువు పెడుతూనే ఉన్నాను. అది ఊ కొడుతూ పని చేసుకుంది. రెండో మోడల్‌ను బీరువా మీద పెట్టింది. నాయన దాని కిందే కుర్చీ వేసుకుని, దగ్గరికి వెళ్తే నన్ను కూడా అదిలించాడు.

గురువారం మధ్యాహ్నం డాక్టరు కొత్త సెట్టు నాయన నోట్లో పెట్టి, ఒరుసుకునే చోట కొంచెం అరగదీసి పంపాడు. ఇంటికి రాగానే నేను కిటికీలు మూసేశాను. ఏమన్నా జరిగితే వీధి వాళ్ల చెవిన పడకూడదు. నాయన సీవాళిని తడిపి పెదాల మధ్య పెట్టుకున్నాడు. మొదట గాలి మాత్రమే వచ్చింది. తర్వాత సన్నగా ఒక స్వరం. అది లావై గదంతా నిండింది. మహిత గట్టిమేళం వాయించమంది. నాయన కళ్లు మూసుకుని, దవడలు ఉబ్బేలా ఊదాడు. నేను నేల వైపే చూస్తున్నాను.

నేల మీద ఏమీ పడలేదు.

వాద్యం ఒళ్లో పెట్టుకుని, బొటనవేలితో పైసెట్టును కిందికి లాగి చూశాడు. మళ్లీ లాగాడు. సెట్టు కదల్లేదు. నొప్పేమో, రక్తమేమో అని నేను లేవబోయాను. మహిత నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

అంతలో నరేంద్ర ఫోన్. మహిత స్పీకరులో పెట్టి నాయన ముందర ఉంచింది.

“సిన్నబ్బన్నా, ఏం జెప్తావు? చిత్తూరోళ్లు అడుగుతా ఉండారు.”

నాయన నాలుకతో పైసెట్టును తడిమి చూసుకుంటున్నాడు. లైన్లో ఉన్నావా అన్నా అని నరేంద్ర మళ్లీ అడిగాడు. ఆయన తరఫున నేనే ఏదో ఒకటి చెప్పేద్దామని నోరు తెరిచాను. నాయన చెయ్యి అడ్డం పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు.

“ముహూర్తం ఎన్ని గంటలకప్పా, నరేంద్రా?”